మన మధ్య కాగితాలేంటండీ?

"మన మధ్య కాగితాలేంటండీ బావగారూ!"

2012 మార్చిలో, ఎడిసన్‌లో ఒక మిఠాయి కొట్టు వెనకగదిలో, పంచదార బస్తాల పక్కన స్టూలు మీద కూర్చున్న నాతో ఈ మాట అన్నాయన నాకు నిజంగా బావగారేమీ కారు. ఆయనది ఆత్రేయపురం పక్క ఊరు, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. న్యూజెర్సీ వచ్చాకే పరిచయం. గోదావరి వాళ్ళకి కాస్త నచ్చిన ప్రతి మగాడూ బావగారే కదా, అలా నేనూ అయ్యాను. ఆయన కొట్టుకి వెబ్‌సైటు కావాలన్నారు. నేను సంచీలోంచి రెండు పేజీల ఒప్పంద పత్రం తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చదవకుండానే చూపుడు వేలితో నా వైపు జరిపి, దాని మీద రెండు పూతరేకులు పెట్టి, ఆ మాటన్నారు.

నాకెంత హాయిగా అనిపించిందో! అసలు ఆ కాగితం తీసేటప్పుడే మొహమాటంతో సగం చచ్చిపోయాను. పూతరేకులు తిని, కాగితం మడిచి మళ్ళీ సంచీలో పెట్టేసుకున్నాను. ఐదు పేజీల వెబ్‌సైటు, 1,800 డాలర్లు, హోస్టింగుకి నెలకి 20. చేతులు కలుపుకున్నాం. అదే మా ఒప్పందం.

రెండున్నరేళ్ళ తర్వాత మాకు మాటల్లేవు.

నాది పెద్ద కంపెనీ కాదు. 2009లో ఉద్యోగం పోయినప్పుడు మొదలుపెట్టిన ఇద్దరు మనుషుల దుకాణం. ఇక్కడ నేను, హైదరాబాదులో ఒక కుర్రాడు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది మనవాళ్ళే: కిరాణా కొట్లు, సంగీతం టీచర్లు, పన్నుల లెక్కలు చూసేవాళ్ళు, కేటరింగువాళ్ళు. ఇన్నేళ్ళలో నేను రాసిన కోడులో తప్పుల వల్ల జరిగిన నష్టం కంటే, మాట్లాడుకోకుండా వదిలేసిన సంగతుల వల్ల జరిగిన నష్టమే ఎక్కువ. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో వెబ్‌సైట్లు లేవు కాబట్టి ఆ మూడోది వదిలేశారు. చేయించుకునేవాళ్ళకీ చేసిపెట్టేవాళ్ళకీ కూడా పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. నేను లాయర్ని కాను. దెబ్బలు తిన్నవాణ్ణి, ఒక దెబ్బ కొట్టినవాణ్ణి కూడా. ఆ సంగతి చివర్లో వస్తుంది.

ముందు బావగారి కథ. ఐదు పేజీలనుకున్నామా, మొదటి నెలలోనే ఆరోది వచ్చింది. "బావగారూ, కేటరింగుకి ఒక పేజీ పెట్టేద్దురూ!" చిన్నదే కదా అని పెట్టాను. తర్వాత ఫొటోల గ్యాలరీ. ఆ తర్వాత పండగ ఆర్డర్లు ఆన్‌లైన్‌లో తీసుకుని, అక్కడే కార్డు మీద డబ్బు కట్టించుకునే ఏర్పాటు. అది చిన్నది కాదు, మూడు వారాల రాత్రులు పట్టింది. ఆయన దృష్టిలో అదీ వెబ్‌సైటే, మొదట ఒప్పుకున్నదే. నా దృష్టిలో అది వేరే పని. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడడం లేదు. "వెబ్‌సైటు" అన్న ఒక్క మాటకి ఇద్దరి బుర్రల్లో రెండు బొమ్మలున్నాయి, అంతే. నేను డబ్బు అడగలేదు. అడగలేకపోయినందుకు లోపల్లోపల ఉడికిపోతూ ఉన్నాను. ఆ ఉడుకు సంగతే ఆయనకి తెలీదు.

2014 దీపావళికి నాలుగు రోజుల ముందు సర్వరు పడిపోయింది. అది నాది కాదు, నేను చోటు అద్దెకి తీసుకున్న ఒక హోస్టింగు కంపెనీది. పదకొండు గంటలు లేవలేదు. లేచాక ఇంకో దెబ్బ. వాళ్ళు వెనక్కి తెచ్చిపెట్టిన కాపీలో తెలుగంతా పోయింది. డేటాబేసుని యూనికోడ్‌లో కాకుండా పాత లాటిన్ పద్ధతిలో ఎక్కించారు. "పూతరేకులు" అని ఉండాల్సిన చోట సరిగ్గా తొమ్మిది ప్రశ్నార్థకాలు. అక్షరాలూ గుణింతం గుర్తులూ కలిపి లెక్కపెట్టి చూడండి, తొమ్మిదే.

ఆయన ఫోను చేసి, "రెండు వేల డాలర్ల ఆర్డర్లు పోయాయండీ, మీరే చూసుకోవాలి" అన్నారు. నేను వెంటనే, "ఆన్‌లైన్ ఆర్డర్ల పనికి మీరే నాకు మూడు వేలు బాకీ" అన్నాను. అంతవరకూ ఆ మూడు వేల మాట నా నోటి వెంట ఎన్నడూ రాలేదు. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"ఇన్నాళ్ళూ లెక్క రాసుకుంటున్నారన్నమాట" అన్నారు చివరికి.

నెల తర్వాత ఒక మెసేజి వచ్చింది. వెబ్‌సైటు వేరేవాళ్ళు చేస్తున్నారు, పేరుని వాళ్ళ సర్వరు వైపు తిప్పమని. తిప్పాను. దాంతో అయిపోయిందనుకున్నాను.

ఇక రెండో కథ. 2022లో ఒకావిడ ఫోను చేశారు. ఇక్కడ పాతికేళ్ళుగా పిల్లలకి కూచిపూడి నేర్పుతున్నారు. నాకంటే పెద్దావిడ, పరిచయమైన పది నిమిషాల్లోనే నన్ను తమ్ముడిని చేసేశారు. ఆవిడ దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి తండ్రి, మంచి మనసుతోనే, ఉచితంగా వెబ్‌సైటు చేసిపెట్టాడట. పేరు కూడా తనే కొన్నాడు, తన ఈమెయిలుతో, తన కార్డుతో. తర్వాత వాళ్ళ కుటుంబం వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయింది. అతని కార్డు గడువు తీరింది, పాత ఈమెయిలు అతను చూడడం లేదు. డొమైను గడువు దాటిపోయింది. ఎవరో కాచుక్కూర్చున్నవాళ్ళు దాన్ని ఎగరేసుకుపోయారు. పన్నెండేళ్ళుగా కరపత్రాల మీదా, అరంగేట్రం ఆహ్వానాల మీదా అచ్చు వేసిన ఆ చిరునామా కొడితే ఇప్పుడు జూదం ప్రకటనలు వస్తున్నాయి.

"మా నాన్నగారు బాపట్లలో రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసేవారు" అన్నారావిడ. "స్థలం ఎవరి పేరున ఉందో చూసుకోకుండా ఇల్లు కట్టానని తెలిస్తే ఆయన ఏమనేవారో!"

ఆ మాట నాకెక్కడో గుచ్చుకుంది. ప్రతి మార్చిలో నాకొచ్చే ఒక ఈమెయిలు గుర్తొచ్చింది. చెబుతాను, ముందు ఈ బేరం పూర్తి కానివ్వండి.

ఆవిడన్న పోలిక చాలా సరైనది. మనం వెబ్‌సైటు అని ఒకే మాటగా అనేదాంట్లో మూడు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి డొమైను పేరు, అంటే చిరునామా. రెండోది హోస్టింగు, అంటే అద్దెకి తీసుకున్న స్థలం. మూడోది డిజైను, అంటే ఆ స్థలంలో కట్టిన ఇల్లు. మూడింటికీ మూడు రకాల హక్కులు. ఇల్లు నచ్చకపోతే మళ్ళీ కట్టుకోవచ్చు, స్థలం బాగోకపోతే మారవచ్చు. చిరునామా పోతే మాత్రం మనుషులు మనల్ని వెతుక్కునే దారే పోతుంది. అలాగని ఆ పేరు ఎవరికీ శాశ్వతంగా సొంతం కాదు. ఏడాదికో, మహా అయితే ఒకేసారి పదేళ్ళకో రిజిస్టరు చేయించుకుని, గడువు తీరకముందే మళ్ళీ కట్టుకుంటూ పోవాలి. ఎవరి పేరున రిజిస్టరై ఉందో వాళ్ళదే మాట చెల్లుతుంది. కొట్టు మీది, బోర్డు మీది, సరుకు మీది అయినా సరే.

ఆవిడ ఇంట్లో రెండు సాయంత్రాలు కూర్చున్నాం. నా పత్రం అప్పటికి నాలుగు పేజీలైంది. ఆవిడ పెన్సిలు తీసుకుని ప్రతి వాక్యం చదివారు. నాకు ఇబ్బందిగా ఉండి, "ఇంత వివరంగా ఎందుకులెండి అక్కయ్యా, నేనున్నానుగా" అన్నాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "మొహమాటం ఇప్పుడే పడిపోదామా, తర్వాత పడదామా?" అన్నారు.

బేరమంటే ధర తగ్గించమని అడగడమేననుకుంటాం. ఆ రెండు రోజుల్లో ఆవిడ ధర గురించి ఒక్క మాట కూడా అనలేదు. బేరమంతా మిగతా వాటి మీదే.

మొదటి షరతు పేరు గురించి. డొమైను ఆవిడ పేరున, ఆవిడ ఈమెయిలుతో, ఆవిడ కార్డుతో ఉండాలి. నాకు అవసరమైనంత మేరకు లోపలికి వచ్చే అనుమతి మాత్రమే. డాట్ కామ్ లాంటి పేర్లు అమ్మే కంపెనీలు గడువుకి సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి యజమానికి గుర్తుచేయాలని ఐకాన్ నియమం ఉంది. ఆ గుర్తుచేసే ఉత్తరం ఎవరికి వెళ్తుందన్నదే ప్రాణం. ఇక్కడొక చిన్న కిటుకు చెప్పాను. ఆ ఈమెయిలు అదే డొమైను మీద ఉండకూడదు. డొమైను ఆగిపోయిన రోజున ఆ ఈమెయిలు కూడా ఆగిపోతుంది. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టే.

రెండోది హద్దులు. దస్తావేజులో తూర్పు ఏమిటి, పడమర ఏమిటి అని రాసినట్టే రాయమన్నారు. ఎన్ని పేజీలు, ఫొటోలు ఎవరు ఇవ్వాలి, ఫోనులో కూడా సరిగ్గా కనిపించాలా, డిజైను చూపించాక ఎన్నిసార్లు మార్పులు చేయాలి (రెండుసార్లని రాసుకున్నాం), తెలుగు భాగమంతా యూనికోడ్‌లోనే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఏవేవి ఇందులో లేవో కూడా రాశాం: ఫీజులు ఆన్‌లైన్‌లో కట్టించుకోవడం లేదు, వీడియోలు ఎడిటింగు లేదు. అవి కావాలంటే ముందు ఒక ఈమెయిలు, దానికి నా ధర, ఆవిడ సరేననడం, ఆ తర్వాతే పని. బావగారి విషయంలో ఈ ఒక్క వాక్యం ఉండుంటే చాలు. ఆ మూడు వేలు నేను మొదటిరోజే అడిగేవాణ్ణి, ఆయన వద్దనేవారో సరేననేవారో.

మూడోది డబ్బు. నేను సగం ముందు ఇమ్మన్నాను. ఆవిడ మూడో వంతు ఇస్తానన్నారు: సంతకం రోజున ఒకటి, డిజైను ఒప్పుకున్నాక ఒకటి, వెబ్‌సైటు అందరికీ కనిపించిన రోజున ఒకటి. సరేనన్నాను, బదులుగా ఒకటి అడిగాను. ఈ పనిలో ఆలస్యం నూటికి తొంభైసార్లు మా వల్ల జరగదు. "మా గురించి" పేజీలో రాయాల్సిన నాలుగు మాటలు రాయడానికి మనుషులు ఆరు నెలలు తీసుకుంటారు. ఆ ఆరు నెలలూ నా డబ్బు ఆగిపోతుంది. అందుకని, రాతలూ ఫొటోలూ 30 రోజుల్లో ఇవ్వకపోతే రెండో వాయిదా అప్పుడే కట్టాలని రాశాం. "ఇది న్యాయమే. నా పిల్లలకి హోంవర్కు నేనూ ఇలాగే ఇస్తాను" అన్నారు. మధ్యలో పని మానుకుంటే అప్పటివరకూ చేసినదానికి లెక్క ఎలా కట్టాలో కూడా రాశాం.

నాలుగోది చాలామందికి తెలియనిది. డబ్బు పూర్తిగా కట్టేశాక డిజైను ఎవరిది? కట్టినవాళ్ళదేనని అందరూ అనుకుంటారు. అమెరికా చట్టం అలా అనదు. 1985లో వాషింగ్టన్‌లో నిరాశ్రయుల కోసం పనిచేసే ఒక సంస్థ, ఇల్లు లేని ఒక కుటుంబం శిల్పం చేసిపెట్టమని జేమ్స్ ఎర్ల్ రీడ్ అనే శిల్పిని అడిగింది. ఖర్చు 15,000 డాలర్లు దాటకూడదనుకున్నారు. తన శ్రమకి డబ్బు వద్దన్నాడు రీడ్. మంచి పని, మంచి మనుషులు. రాతలో ఏమీ లేదు, కాపీరైటు మాటే ఎవరూ ఎత్తలేదు. శిల్పాన్ని వేరే ఊళ్ళకి తిప్పుతామని సంస్థ అంది, అది అంత ప్రయాణానికి తట్టుకోదని శిల్పి అన్నాడు. అక్కడ మొదలైన తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1989లో కోర్టు ఏమందంటే, రీడ్ ఆ సంస్థ ఉద్యోగి కాడు, స్వతంత్రంగా పనిచేసినవాడు, కాబట్టి జీతగాడు చేసిన పని మీద యజమానికి వచ్చే హక్కు ఆ సంస్థకి రాదు అని. శిల్పంలో ఇద్దరికీ ఉమ్మడి హక్కు ఉందేమో తేల్చమని కింది కోర్టుకి వదిలేసింది.

వెబ్‌సైటుకీ అదే సూత్రం. బయటివాడు చేసిన డిజైను మీద కాపీరైటు మీకు రావాలంటే, అతను సంతకం పెట్టిన కాగితం ఉండాలి. లేకపోతే వాడుకోవడానికి అనుమతి ఉందని మీరు వాదించుకోగలరు గానీ, అది మీ సొంతం కాదు.

ఆవిడ ఇక్కడ ఆగి, "మరి ఆ హైదరాబాదు కుర్రాడి సంగతేమిటి?" అన్నారు. నేను నీళ్ళు నమిలాను. అతను నాకు ఉద్యోగి కాడు, పనికి ఇంతని తీసుకుంటాడు. అతను రాసింది ముందు నాకు రాకపోతే, నేను ఆవిడకి ఎక్కడినుంచి ఇస్తాను? భారతదేశపు 1957 కాపీరైటు చట్టం ఇందులో ఇంకా పట్టుగా ఉంటుంది. హక్కు బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్ళకే ఇచ్చినట్టు లెక్క. ఎక్కడెక్కడికో రాయకపోతే భారతదేశం వరకే ఇచ్చినట్టు లెక్క. న్యూజెర్సీలో నడిచే వెబ్‌సైటుకి భారతదేశం వరకే చెల్లే హక్కు దేనికి? ఆ రాత్రే కుర్రాడితో మాట్లాడి, కాలపరిమితి లేకుండా, ప్రపంచమంతటికీ అని స్పష్టంగా రాసి సంతకాలు చేసుకున్నాం. అతనూ ఒకటి అడిగాడు. తను చేసిన పనిని వేరేచోట నమూనాగా చూపించుకునే అనుమతి. న్యాయమే కదా, ఇచ్చాం. ఇండియాలో ఉన్నవాళ్ళ చేత వెబ్‌సైట్లు చేయించుకునే మనవాళ్ళందరూ ఈ రెండు మాటలూ, కాలమూ ప్రాంతమూ, చూసుకోవాలి.

ఐదోది హోస్టింగు. నా పత్రంలో "99.9 శాతం సమయం నడుస్తుంది" అని గర్వంగా రాసుకున్నాను. "అంటే ఎంతసేపు ఆగిపోవచ్చు?" అన్నారు. లెక్క వేశాం. ముప్ఫై రోజుల నెలలో 43,200 నిమిషాలు. 99.9 శాతమంటే నెలకి 43 నిమిషాలు ఆగినా మాట తప్పినట్టు కాదు. 99 శాతమే అని ఉంటే ఏడు గంటల పైన. ఒక్క చుక్క, ఒక్క తొమ్మిది, ఇంత తేడా. మాట తప్పితే నెల అద్దెలో పదోవంతు తగ్గిస్తానని రాశాను. నెల అద్దె 25 డాలర్లు. "రెండున్నర డాలర్లా!" అని ఆవిడ నవ్వారు. నవ్వి, డబ్బు వద్దన్నారు. దానికి బదులు ఆరు నెలల్లో మూడుసార్లు మాట తప్పితే ఏ జరిమానా లేకుండా వెళ్ళిపోయే హక్కు కావాలన్నారు. రెండున్నర డాలర్లకంటే నన్ను ఎక్కువ భయపెట్టే షరతు అదే. ఒప్పుకున్నాను. ఆవిడ కొత్త పిల్లల్ని చేర్చుకునే ఆగస్టు నెలలో మరమ్మతుల పేరుతో ఆపకూడదని కూడా రాశాం. కుర్రాడికి పగలంటే మనకి అర్ధరాత్రి కాబట్టి, ఏదైనా ఆగిపోతే ఎన్ని గంటల్లో ఎవరు ఫోను ఎత్తాలో, అది ఏ ఊరి గడియారం ప్రకారమో రాశాం.

ఆరోది కాపీలు. రోజూ ఒక కాపీ తీస్తానని రాశాను. "ఎక్కడ పెడతావు?" అన్నారు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద కంపెనీ డేటా సెంటర్లలో ఒక భవనం కాలిపోయిన సంగతి చెప్పాను. మనుషులకేమీ కాలేదు గానీ, సర్వరూ కాపీలూ రెండూ అక్కడే పెట్టుకున్నవాళ్ళు రెండూ పోగొట్టుకున్నారు. కాపీల్ని విడిగా ఉంచుతామని ఒప్పందంలో రాసి అదే భవనంలో ఉంచారని ఒక ఖాతాదారు కోర్టుకి వెళ్తే, లక్ష యూరోలకు పైగా కట్టమని 2023లో అక్కడి కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు మా సంతకాల తర్వాత వచ్చింది. కానీ ఆవిడ అప్పటికే వేరే ఊరు, వేరే కంపెనీ అని రాయించేశారు. నేను నా దీపావళి పాఠం ఒకటి కలిపాను. మూడు నెలలకోసారి కాపీని నిజంగా వెనక్కి తెచ్చి, తెలుగు అక్షరాలు తెలుగుగానే ఉన్నాయో లేదో చూడాలి.

ఏడోది నష్టపరిహారం. ఏం జరిగినా నా బాధ్యత గత 12 నెలల్లో ఆవిడ నాకు కట్టిన మొత్తాన్ని మించకూడదన్నాను. ఇద్దరు మనుషుల దుకాణం అంతకంటే మోయలేదు. ఆవిడ ఒప్పుకున్నారు, ఒక మినహాయింపుతో. నేను ఎక్కడినుంచో ఎవరిదో ఫొటో అనుమతి లేకుండా తెచ్చి పెడితే, ఆ ఖర్చంతా నాదే. ఇక్కడ కాపీరైటు ఉల్లంఘనకి కోర్టు ఒక్కో ఫొటోకి 750 నుంచి 30,000 డాలర్ల దాకా వేయవచ్చు. తెలిసీ చేశారని తేలితే 1,50,000 దాకా వెళ్ళవచ్చు. నోటీసు వచ్చేది వెబ్‌సైటు ఎవరి పేరున ఉందో వాళ్ళకి. కాబట్టి ఆ మినహాయింపు న్యాయమే.

చివరిది విడిపోవడం. నేను దాన్ని నాలుగో పేజీ అడుగున రెండు వాక్యాల్లో రాశాను. ఆవిడ దాన్ని మొదటి పేజీకి తెమ్మన్నారు. ఎవరు వద్దనుకున్నా పది రోజుల్లో ఫైళ్ళూ, డేటాబేసూ, తాళాలూ అన్నీ అప్పగించాలి. "మీరు నాకు బాకీ ఉంటేనో?" అన్నాను. ఇక్కడ చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. బాకీ తీరేదాకా డిజైను హక్కు ఆపుకోవడానికి ఆవిడ ఒప్పుకున్నారు. "పేరు మాత్రం ఏ పరిస్థితిలోనూ పట్టుకోకూడదు తమ్ముడూ. అది ఆ మనిషి గుమ్మం" అన్నారు.

సంతకాలయ్యాయి. కాఫీ తాగాం. ఈ రోజుకీ ఆవిడ వెబ్‌సైటు నేనే చూస్తున్నాను. ఈమధ్యలో రెండుసార్లు అభిప్రాయభేదాలొచ్చాయి. రెండుసార్లూ కాగితం తీసి చూసుకున్నాం, ఐదు నిమిషాల్లో అయిపోయింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి, ప్రతి మార్చిలో వచ్చే ఆ ఈమెయిలు వెతికి తీశాను. బావగారి కొట్టు డొమైను. 2012లో తొందరలో నా పేరున, నా కార్డుతో కొన్నాను. ఆయన కొత్త వెబ్‌సైటు చేసినవాళ్ళు సర్వరు మార్చుకున్నారే గానీ, పేరు ఎవరిదని అడగలేదు. ఆయనకి తెలీదు. నాకు తెలుసు. మాటలు ఆగిపోయాక కూడా ఎనిమిదిసార్లు నా కార్డు మీదే డబ్బు కట్టాను. "పోన్లే, పాత స్నేహం" అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నిజం అది కాదు. ఆయన గుమ్మం తాళంచెవి నా జేబులో ఉందన్న సంగతి నాకు ఎక్కడో బాగుండేది. ఏ చెడ్డపనీ చేయలేదు, చేసేవాణ్ణీ కాదు. కానీ నా కార్డు గడువు తీరినా, నాకేదైనా అయినా, ఆయన కొట్టు పేరు మీద కూడా జూదం ప్రకటనలే వచ్చేవి. అక్కయ్య ఏ మనిషి గురించి బాధపడ్డారో, ఆ మనిషిని నేనే.

శనివారం మధ్యాహ్నం కొట్టుకి వెళ్ళాను. కౌంటరు దగ్గర వాళ్ళమ్మాయి ఉంది, నన్ను గుర్తుపట్టలేదు. ఆయన లోపల్నుంచి వచ్చారు. జుట్టు బాగా నెరిసింది. సంగతి చెప్పాను.

"ఇన్నాళ్ళూ నా కొట్టు పేరు మీ దగ్గరుందాండీ?"

"ఉంది."

"మరి చెప్పలేదే?"

దానికి నా దగ్గర జవాబు లేదు. నిలబడ్డాను. కాసేపటికి ఆయనే వెనకగది వైపు నడిచారు. అదే గది, అవే బస్తాలు. ఆయన పేరున ఒక ఖాతా తెరిచి, డొమైను తాళం తీసి, బదిలీ కోడ్ ఇచ్చి, ఆయన ఈమెయిలుకి వచ్చినదానికి ఆయన చేతే సరేననిపించాను. అరగంట పట్టింది. బదిలీ పూర్తవడానికి కొన్ని రోజులు పడుతుందని చెప్పాను. ఆ తర్వాత సంచీలోంచి ఒక పేజీ కాగితం తీశాను. ఈ పేరు మీద నాకు ఏ హక్కూ లేదని, పాత లెక్కల్లో ఎవరికెవరూ బాకీ లేరని అందులో రాసి ఉంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. రెండు వేలూ మూడు వేలూ ఆ వాక్యంలో కనబడకుండా ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. సంతకం పెట్టి, "నాకూ ఒక కాపీ ఇవ్వండి" అన్నారు.

వస్తూ ఒక పౌను కాజాలు ఇమ్మన్నాను. ఆయనే తూచారు. పర్సు తీస్తే వద్దంటారేమో, మళ్ళీ ఆ పాత మొహమాటాల్లో పడతామేమో అని భయపడ్డాను. అనలేదు. డబ్బు తీసుకుని చిల్లర లెక్కపెట్టి, రసీదు చేతికిచ్చారు. నాకు ఎంతో తేలిగ్గా అనిపించింది.

కారెక్కాక సంచీ తెరిచి చూస్తే, కాజాల పైన రసీదులో లేని పూతరేకులు రెండున్నాయి.